చిన్నాయన హాల్లో రెక్కల ముసలాయన

పోయిన నెలలో మా చిన్నబ్బాయి కట్టుకుంటున్న కొత్త ఇంటికి గోడల అలంకరణ చూసే అమ్మాయి కడప నుంచి వచ్చింది. ప్రొద్దుటూరులో ఇప్పుడు ఇల్లు కట్టడం వేరు, ఇంటికి ముస్తాబు చేయడం వేరు. మేస్త్రీ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక ఇంకొకరు వచ్చి ఏ గోడకు ఏ రంగు, ఏ మూలకు ఏ బొమ్మ అని చెప్పి పోతారు. ఆ అమ్మాయి ట్యాబు ఒళ్ళో పెట్టుకుని మా కోడలికి బొమ్మలు చూపిస్తోంది. పరిగెత్తే గుర్రాలు, జలపాతాలు, కళ్ళు మూసుకున్న బుద్ధుడు. మా కోడలు ఒక్కొక్కటే దాటిస్తూ ఒకచోట ఆగింది. తెల్లగడ్డం, వీపున రెండు పెద్ద రెక్కలు, చేతిలో పొడుగాటి కొడవలి ఉన్న ముసలాయన ఒక పడుచుపిల్ల మీద నుంచి గుడ్డ లాగుతున్నాడు. ఇది హాలుకు చాలా గ్రాండుగా ఉంటుందని ఆ అమ్మాయి చెప్పింది. ఇది తప్ప ఇంకేదైనా పెట్టుకోండి అన్నాను. గుడ్డ సంగతి చూసి ముసలామె మొహమాటపడిందని వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను అడ్డం చెప్పింది గుడ్డ సంగతికే, కాని వాళ్ళనుకున్న కారణానికి కాదు.

ఆ ముసలాయన నాకు పాత పరిచయం. మా చిన్నాయన హాల్లో ఉండేవాడు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ప్రొద్దుటూరు కోర్టులో నలభై ఏళ్ళు వకీలుగా చేశాడు. అనుమానం ఆయనకు మొదట వృత్తి, తర్వాత అలవాటు, చివరికి స్వభావం అయి కూర్చుంది. పెళ్ళిపత్రిక ఇస్తే ముహూర్తం కంటే ముందు అడుగున ఏ ప్రెస్సులో అచ్చయిందో చూసేవాడు. పాలాయన రేపు రానంటే ఎందుకు రాడో మూడు ప్రశ్నల్లో రాబట్టేవాడు. మాత్రల అట్ట మీది చీమతలకాయంత అక్షరాలను భూతద్దంతో చదివి, ఇది మింగితే తలనొప్పి రావచ్చునని రాశారే, మరి తలనొప్పికి ఎట్లా ఇచ్చావని మందుల షాపాయన్ని నిలబెట్టి అడిగేవాడు. మా చిన్నమ్మ ఆయనతో కాపురం చేసి చేసి తనూ అంతే అయింది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు ఎదుటి పక్షం సాక్షిని చూసినట్టు చూసుకునేవాళ్ళు. ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమకు కూడా అడ్డుప్రశ్నలు ఉండేవి, అంతే.

రాష్ట్రం రెండైన కొత్తలో ఆయన వకాల్తాలు మానేసి, ఇల్లు కట్టాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల. తలుపు తీయగానే ఎదురుగా మెట్ల పక్కన పెద్ద గోడ ఒకటి ఖాళీగా మిగిలింది. దాని మీద బంధువులందరి కళ్ళూ పడ్డాయి. చిన్నమ్మ బంగారు రేకు పోసిన వెంకటేశ్వరస్వామిని పెట్టాలంది. ఆమె తమ్ముడు ఏడు గుర్రాలు పెడితే కలిసొస్తుందన్నాడు. ఇంకెవరో, చిన్నాయన చిన్నమ్మల నిలువెత్తు ఫోటో పెట్టమన్నారు. బతికుండగానే గోడెక్కే తొందర తనకు లేదని ఆయన దాన్ని కొట్టేశాడు.

ఆయన మనసులో వేరే సంగతి ఉంది. ఆయనకు పని నేర్పిన పెద్ద వకీలు చనిపోతే, వాళ్ళ ఇంట్లో ఒక బీరువా పుస్తకాలు కొనుక్కున్నాడు. లా పుస్తకాల మధ్య యూరపు చిత్రకళ గురించిన పెద్ద ఇంగ్లీషు పుస్తకం ఒకటి, రంగుల బొమ్మలతో ఉంది. నేనప్పుడు బాలికల హైస్కూల్లో సోషల్ టీచరును. ఒక ఆదివారం పొద్దున కబురు చేసి పిలిపించి, బొమ్మల కింద రాసింది చదివి చెప్పమన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదని కాదు. తను చదివిందాన్ని ఇంకొకరు చదివి ఔనంటే తప్ప నమ్మడు. నాకు తెలిసింది చెప్పాను. రెండు వందల ఏళ్ళ కిందట అక్కడి చిత్రకారులకు పాత గ్రీకు, రోము శిల్పాల మీద మోజు పుట్టిందని, స్తంభాలు, మడతల మడతల బట్టలు అన్నీ ఆ కాలంవాటిలా వేసేవాళ్ళని, గుణాలకు కూడా మనిషి రూపం ఇచ్చేవాళ్ళని. న్యాయం ఒక ఆడమనిషి, అదృష్టం ఒక ఆడమనిషి, కీర్తి బూర ఊదే ఆడమనిషి.

త్రాసు పట్టుకుని కూర్చున్న న్యాయాన్ని చూసి, ఇదే వకీలు ఇంటికి సరిపోతుందని నేనన్నాను. చిన్నాయన పేజీ తిప్పేశాడు.

"ఈయమ్మ కోసం నలభై ఏండ్లు కోర్టుకు పోయినా పాపా. ఒక్కనాడు కూడా కనపల్లేదు."

చక్రం మీద నిలబడ్డ అదృష్టం పందేలాడేవాళ్ళ ఇంటికి పనికొస్తుందన్నాడు. బూర ఊదే కీర్తిని చూసి, మైకుసెట్టు వాళ్ళకు ఇద్దామన్నాడు. ఆ తర్వాత ఒక పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. రెక్కల ముసలాయన ఒక రాతి మీద కూర్చున్న యువతి పైనుంచి ముసుగు ఎత్తుతున్నాడు. ఆమె చేతిలో అద్దం. కింద మూలన చీకట్లో ఎవరో మొహానికి తొడుగు పెట్టుకుని నక్కి పారిపోతున్నారు. కాలం సత్యాన్ని బయటపెట్టుట అని కింద రాసి ఉంది. చదివి చెప్పాను. ఇంకొకసారి చదవమన్నాడు. చదివాను. ఇదే పెట్టిద్దాం అన్నాడు. ఇదే ఎందుకని అడిగితే, బాగుండాది గదా అన్నాడు.

ఏ ప్రశ్నకైనా మూడు పాయింట్లుగా జవాబు చెప్పే మనిషి రెండు మాటల్లో ముగించాడు. నాకు మొదటి అనుమానం అప్పుడే కలిగింది.

అచ్చు బొమ్మ తెప్పిస్తాడేమో అనుకున్నాను. కాదు, చేత్తో వేయిస్తానన్నాడు. జమ్మలమడుగులో సాయిబుల పెయింటరు ఒకాయన ఉండేవాడు. వయసులో సినిమా బ్యానర్లు రాసి, ఫ్లెక్సీలు వచ్చి ఆ పని చచ్చిపోతే కువైట్ పోయి, అక్కడ షేకుల బంగళాల్లో పైకప్పులకు ఇట్లాంటి యూరపు బొమ్మలే వేసి వచ్చిన మనిషి. చిన్నాయన నెలకు రెండుసార్లు బస్సెక్కి జమ్మలమడుగు పోయి చూసి వచ్చేవాడు. ఎవరినీ వెంట రానిచ్చేవాడు కాదు. చిన్నమ్మ మా ఇంటికి వచ్చి, మీ చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని జమ్మలమడుగు ఎందుకు పోతున్నాడో కనుక్కోమని నన్ను అడిగేది. బొమ్మ కోసమే పోతున్నాడంటే, బొమ్మకు సెంటు ఎందుకు పూసుకోవాలి అనేది. ఆయన ఆ సెంటు ఆరేళ్ళుగా పూసుకుంటున్నదే. ఆమె ఆ వారమే గమనించింది.

నాలుగు నెలల తర్వాత చిన్న ట్రాలీ ఆటోలో, దుప్పట్లు చుట్టుకుని బొమ్మ వచ్చింది. ఎనిమిది అడుగుల పొడవు. తగిలించడానికి అర్ధరోజు పట్టింది. చిన్నాయన కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని, ఒక వేలెడు పైకి, ఒక వేలెడు కిందికి అని చెబుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం ఎండ నేరుగా పడకుండా మెట్ల కిటికీకి పరదా కట్టించాడు. పైన చిన్న లైటు పెట్టించాడు. దుప్పట్లు తీసేసరికి, ఒట్టు, నేను రెండడుగులు వెనక్కి వేసి మరీ చూశాను. పెయింటరు చెయ్యి మంచి చెయ్యి. గ్రీకు స్తంభాలు అట్లాగే ఉన్నాయి కాని వాటి వెనక గండికోట దగ్గరి ఎర్రటి రాతిగోడలు, వాటి నడుమ పెన్న. పుస్తకంలో సత్యానికి ఒంటి మీద బట్ట లేదు. ఇక్కడ పెయింటరు జరీ అంచు తెల్లచీర కట్టాడు. గ్రీకు మడతలు పోయి మన కుచ్చిళ్ళు వచ్చాయి. మొహం మాత్రం పుస్తకంలోది కాదు. చామనఛాయ, కొంచెం ముందుకు వచ్చిన గడ్డం. యాడనో చూసిన మొహం అనిపించింది, గుర్తు రాలేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఆ ఇంటికి జనం వస్తూనే ఉన్నారు. కొడవలి చూసి, సారు ఈ వయసులో కమ్యూనిస్టుల్లో కలిశాడని ఒక రాజకీయ బంధువు ఊరంతా చెప్పి, తర్వాత తనే వచ్చి ఎవరి మీద కోపంతో కలిశావని మెల్లగా అడిగాడు. మునిసిపాలిటీ కాంట్రాక్టరు ఒకాయన, కాలం నిజాన్ని బయటపెడుతుందని అర్థం తెలుసుకుని, కాఫీ సగంలో వదిలి వెళ్ళిపోయాడు. ఆయనేం చేశాడో మాకు ఎప్పటికీ తెలియలేదు. బొమ్మ ఎవరినీ ఏమీ అనలేదు కాని, చూసిన ప్రతివాడూ తననే అన్నట్టు తీసుకున్నాడు. చిన్నమ్మ మాత్రం ఆ ఆడమనిషి మొహం తప్ప ఇంకేదీ చూడలేదు. శుక్రవారం పూజప్పుడు దాని మీద తువ్వాలు కప్పేది. "నేనీ మొగాన్ని యాడనో చూసినా. యాడనో చెప్పు" అని నన్ను పట్టుకునేది. నేనూ అదే ప్రశ్నతో ఉన్నానని ఆమెకు చెప్పలేదు.

ఇంతలో ఒక ఆదివారం చిన్నాయన, మా నాయనను భోజనానికి పిలిచాడు. మా నాయన పులివెందులలో ఉండేవాడు, తాత వదిలిన భూమిని చూసుకుంటూ. ఆ భూమి ఒకప్పుడు శెనక్కాయ చేను. బోర్లు పడ్డాక చీనీ తోట, అంటే బత్తాయి తోట, అయింది. అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి. వాళ్ళిద్దరి మధ్య గొడవ ఉన్నట్టు మేమెప్పుడూ వినలేదు. ఆ రోజు నేనూ వెళ్ళాను, చిన్నమ్మ ఓళిగలు చేసింది. మా నాయన కారు దిగి, లోపలికి వచ్చి, బొమ్మ ముందు నిలబడ్డాడు. అట్లా చాలాసేపు నిలబడ్డాడు. చిన్నాయన పక్కన నిలబడి అన్న మొహాన్నే చూస్తున్నాడు. తర్వాత మా నాయన, బీపీ మాత్ర ఇంట్లో మర్చిపోయానని చెప్పి చెప్పులేసుకున్నాడు. విస్తళ్ళు వేసి ఉన్నాయి. తమ్ముడి ఇంట్లో తినకుండా పోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. నేను కారుదాకా పోతే, అద్దం దించి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ బొమ్మేసిన సాయిబు యాడుంటాడో కనుక్కో పాపా. మీ చిన్నాయన ఎవరి ఫోటో ఇచ్చినాడో అడుగు. నేనడిగినానని చెప్పొద్దు."

ఆయన మొహం చూస్తే, ఎవరి ఫోటోనో ఆయనకు తెలిసే అడుగుతున్నట్టు అనిపించింది. తెలిసినదాన్ని నాతో ఎందుకు కనుక్కోమంటున్నాడు? అదొక అనుమానం పెట్టుకుని మరుసటి శనివారం బడి ఒంటిపూట కాగానే జమ్మలమడుగు బస్సెక్కాను.

పెయింటరు ఇల్లు పాత ఊళ్ళో, రేకుల షెడ్డు ముందు వేపచెట్టు. టీచరమ్మ వచ్చిందని కుర్చీ దులిపి వేశాడు. కువైట్ బంగళాల సంగతులు చాలా చెప్పాడు. వెల్లకిలా పడుకుని పైకప్పుకు బొమ్మలు వేయడం వల్ల మెడ ఎట్లా పట్టేసిందో, రెక్కలున్న పసిబిడ్డలను వేసి వేసి కలలో కూడా ఎట్లా వచ్చేవాళ్ళో. ఫోటో సంగతి అడిగేసరికి కుంచెలు కడగడం మొదలుపెట్టాడు. సారు ఎవరికీ చూపించవద్దన్నాడని చెప్పాడు. నేను లేవలేదు. పిల్లల దగ్గర నిజం రాబట్టడానికి టీచర్లకు ఒక పద్ధతి ఉంది, ఏమీ అడగకుండా కూర్చోవడం. కాసేపటికి ఆయనే పెట్టెలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టి, నీళ్ళు తెస్తానని లోపలికి పోయాడు.

అది స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ఫోటో. మధ్యలో రెండు జడలు వేసుకున్న పడుచుపిల్ల. కుడిపక్క వయసులో ఉన్న మా చిన్నాయన. ఎడమపక్క భాగాన్ని వెనక్కి మడిచి పెట్టారు. మడత విప్పితే మా నాయన. నీళ్ళ చెంబుతో వచ్చిన పెయింటరు, మడత విప్పి ఉండడం చూసి నిట్టూర్చాడు.

"పెద్దాయన వద్దు, మిగిలిన ఇద్దరూ చాలన్న్యాడమ్మా సారు."

ఆ పిల్ల మా మేనత్త. మా నాయనకూ చిన్నాయనకూ ఒక్కగానొక్క చెల్లెలు. ముప్పై ఏళ్ళుగా ఆమె మా ఇళ్ళకు రాలేదు. మామకు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక పొగరెక్కి పుట్టింటిని మరిచిందని మా ఇంట్లో అనుకునేవాళ్ళు. నా పెళ్ళికి కూడా రాలేదు. నేను చిన్నప్పుడు ఆమె ఒళ్ళోనే పెరిగానట, అందుకని ఆ రాకపోవడం నన్ను బాగా నొప్పించింది. తర్వాత నేనూ కోపం పట్టాను. ఆమె ఉండేది అదే ఊళ్ళో, పెయింటరు ఇంటికి నాలుగు వీధుల అవతల. ఆ రోజు నా కాళ్ళు బస్టాండు వైపు కాకుండా అటు నడిచాయి.

అత్త అరుగు మీద కూర్చుని, కొరియరు వాళ్ళు తెచ్చిన కాగితాన్ని అద్దాలు పెట్టుకుని చదువుతోంది. కొడుకుకు ఏదో పార్సిలు వచ్చింది. కొరియరాయన ఎండలో నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నాడు. చివరి అక్షరం దాకా చదివి, అప్పుడు సంతకం చేసింది. తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టింది, మొహంలో ఏమీ కదల్లేదు.

"ఎవరు పంపించినారు నిన్ను? మీ నాయనా, చిన్నాయనా?"

"ఎవరూ పంపల్లేదత్తా."

"మళ్ళా ఏం సంతకం కావల్లంట?"

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెబితే ఆమె నమ్మలేదు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. బొమ్మ సంగతి, ఫోటో సంగతి అన్నీ ఆ మెట్టు మీద నిలబడే చెప్పాను. వింటూ వింటూ లేచి లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ముప్పై ఏళ్ళ కిందట రిజిస్ట్రారాఫీసు నుంచి తెప్పించుకున్న ఒక పత్రం నకలు. తాత చనిపోయిన ఏడాది రాసింది. తండ్రి ఆస్తిలో తన హక్కునంతా అన్నలిద్దరికీ ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు అత్త రాసిచ్చిన పత్రం. రాయించింది చిన్నాయన. నేను చదువుతుంటే ఆమె వేలు కాగితం చివరికి జరిగింది.

"సాచ్చి సంతకం చూడు."

మొదటిది ఎవరిదో. రెండోది నాది. ఇంగ్లీషులో, చివర తోకలాంటి గీతతో. ఇంటర్ పాసైన కొత్తలో ఆ సంతకం నోటుపుస్తకాల నిండా పెట్టుకుని మురిసిపోయేదాన్ని.

అప్పుడు ఆ రోజు మొత్తం తిరిగొచ్చింది. నాకు పంతొమ్మిదేళ్ళు. చిన్నాయన నన్నూ అత్తనూ రిజిస్ట్రారాఫీసుకు తీసుకుపోయాడు. అత్తకు కొత్త చీర పెట్టాడు. దారిలో నాతో, ఇది బోరు అప్పు కోసం బ్యాంకుకు ఇచ్చే కాగితమని చెప్పాడు. అత్త ఐదో తరగతి దాకా చదివింది. పత్రాలు రాసేవాళ్ళ గొలుసుకట్టు రాత ఆమెకు అందలేదు. కాగితం నా చేతికిచ్చి, ఏం రాసినారో చూడమే అంది. ఆ రాత నాకూ అందలేదు. అందలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది, కాలేజీ చదివినదాన్ని కదా. పైనుంచి కిందికి కళ్ళు తిప్పి, బోరు అప్పుకంట అత్తా, పెట్టు అన్నాను. పెట్టింది. నేనూ పెట్టాను. తర్వాత ముగ్గురం హోటల్లో దోసెలు తిన్నాం.

"మీ చిన్నాయన ప్లీడరు, ఆయప్ప మాట నేను ఎప్పుడూ నమ్మల్యా" అంది అత్త. "నువ్వు సదివినావని పెట్టినా."

నాకు తెలియదని చెప్పాను. తెలియకపోవడం నిజమే. కాని చదవకుండా చదివానన్నది కూడా నిజమే. మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. అత్త ఓదార్చలేదు. నా ఏడుపు ఆగాక, మజ్జిగ తాగుతావా అంది. ఆ తర్వాత, ఆ బొమ్మను చూడాలంది. ఎందుకంటే తన మొహం వాడుకునేటప్పుడు తనను అడగాలి కదా, ఇట్లా అడక్కుండా వాడుకోవడం ఆ అన్నకు ఇది రెండోసారని చెప్పింది.

మరుసటి రోజే నేను మళ్ళీ జమ్మలమడుగు పోతే, ఇద్దరం బస్సులో ప్రొద్దుటూరు వచ్చాం. తలుపు తీసిన చిన్నమ్మ అత్త మొహం చూసి, వెనక్కి తిరిగి గోడ చూసి, మళ్ళీ అత్త మొహం చూసి, పక్కకు జరిగింది. నాలుగు నెలల అనుమానం ఆమెకు ఆ గడప దగ్గర తీరింది. చిన్నాయన పేపరు చదువుకుంటూ ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. పేపరును నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు.

అత్త ఆయనను పలకరించలేదు. అద్దాలు పెట్టుకుని బొమ్మ దగ్గరికి పోయింది. అందరం ఆ బొమ్మను పైనుంచి చూశాం, రెక్కలు, కొడవలి, మొహం. ఆమె కాగితం చదివినట్టు ఒక పక్కనుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం చదివింది. చివరికి కింద కుడిమూల దగ్గర వంగింది. అక్కడ చీకట్లో, తొడుగు పెట్టుకుని పారిపోయే మనిషిని మేమెవరం సరిగ్గా చూడలేదు. తొడుగు కొంచెం జారి, చెంప, చెవి కనిపిస్తున్నాయి. చెవి కింద పుట్టుమచ్చ.

"ఈడ దాక్కున్న్యోడు నువ్వే గదా."

ఔనన్నాడు చిన్నాయన. ఫోటోలో తననూ పెయింటరుకు అందుకే ఇచ్చానన్నాడు. మా నాయన కారులోంచి నన్ను కనుక్కోమన్నది, తనూ ఆ బొమ్మలో ఉన్నాడా అనేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆమె నిటారుగా నిలబడి, రెక్కల ముసలాయనను చూపించి ఈయన ఎవరని అడిగింది. కాలమన్నాడు. ఎంతటి నిజాన్నైనా ఎప్పటికో ఒకప్పుడు కాలమే బయటపెడుతుందని ఈ బొమ్మకు అర్థమని, కోర్టులో చెప్పినట్టే చెప్పాడు. అత్త మొత్తం విన్నది.

"కాలం వచ్చి తీసేదాంకా ముప్పై రెండేండ్లు కూర్చుంటివి. నీకు చేతుల్లేవా అన్నా?"

చిన్నాయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. ఆ పైన తను చేసిందంతా చిన్నమ్మ ముందు, నా ముందు, వరుసగా చెప్పాడు. అప్పు సంగతి అబద్ధమని, అన్న ఒత్తిడి చేశాడని చెప్పబోయి, లేదు, ఉపాయం తనదేనని, ఏ కాగితం మీద ఏ మాట రాస్తే తిరుగుండదో తనకే తెలుసునని, చదువుకున్న పిల్ల చెబితే చెల్లెలు నమ్ముతుందనే నన్ను వెంట తెచ్చానని. ఆ చివరి మాట నేను ఊహించలేదు. ముప్పై రెండేళ్ళు నేను గౌరవించిన మనిషి నన్నొక పనిముట్టులా వాడుకున్నాడు. అందరినీ అనుమానించే మనిషి తనను తాను ఎంత అనుమానించి ఉంటాడో కూడా అప్పుడే తెలిసింది. నోటితో చెప్పలేక గోడకు చెప్పించుకున్నాడు. చెల్లెలిని పిలిచి చూపించే ధైర్యం కూడా లేక, ఎవరైనా కనిపెట్టేదాకా ఎదురుచూశాడు.

అత్త ఆ రోజు అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కాగితం మీద రాసిస్తే చూద్దామని చెప్పి వెళ్ళింది.

చిన్నాయన పులివెందుల వెళ్ళి మా నాయనతో మాట్లాడాడు. అది సరిగ్గా జరగలేదు. ఆడపిల్లకు పెళ్ళి చేశాం, అదే ఆమె భాగమని మా నాయన అన్నాడు. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడడం మానేశాడు. నాతో కొన్నాళ్ళు. చిన్నాయన మాత్రం తోటలో తన సగాన్ని అత్త పేర రాశాడు. రిజిస్ట్రారాఫీసులో అత్త ఆ పత్రాన్ని రెండు గంటలు చదివింది. మధ్యలో టీ విరామం కూడా ఇచ్చింది. ఒకచోట సర్వే నంబరు తప్పుపడిందని పట్టుకుంది, నిజంగానే తప్పు. రాసినాయన తల గోక్కుని మళ్ళీ రాశాడు. చిన్నాయన గోడకు ఆనుకుని నిలబడి, కేసు గెలిచిన రోజు కూడా నవ్వని మనిషి, నవ్వాడు.

మా నాయన చివరిదాకా ఏదీ ఒప్పుకోలేదు. పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పుడు అత్త చూడ్డానికి వచ్చింది. ఆయన నోరు సరిగ్గా తిరిగేది కాదు. ఆమెను చూసి, తిన్నావా అని అడిగాడు. తినలేదంది. మా అమ్మతో సైగ చేసి పెట్టించాడు. ఆమె తింటున్నంతసేపూ అటే చూస్తూ పడుకున్నాడు. దానికి ఏ అర్థం చెప్పుకోవాలో అత్తకు కూడా తెలియలేదు. ఆయన పోయాక, తోటలో ఆయన సగంలో అత్తకు రావాల్సిన భాగం గురించి మా తమ్ముణ్ణి అడిగాను. ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆలోచించడంలో వాడు అచ్చం మా నాయన కొడుకే. నేను మాత్రం ప్రతి పండక్కీ ఫోను చేసి అడుగుతూనే ఉన్నాను.

చిన్నాయన పోయిన ఏడు పోయాడు. బొమ్మను ఏం చేద్దామంటే చిన్నమ్మ తీయనివ్వలేదు. ఇప్పుడు తువ్వాలు కప్పడం లేదు. వారానికొకసారి స్టూలెక్కి దుమ్ము తుడుస్తుంది. అత్త వచ్చినప్పుడు ఇద్దరూ దాని కిందే కూర్చుని టీవీ చూస్తారు. ఒకరి మాట ఒకరు నమ్మరు కాని, వార్తలు చదివే ఆయన మాట నమ్మకూడదన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

అత్త మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు నా పెళ్ళి ఆల్బం చూపించమంది. ఒక్కొక్క పేజీ ఆగి ఆగి చూసింది. ఇది ఎవరు, అది ఎవరు అని అడిగింది. అందులో సగం మంది పోయారని చెప్పాల్సి వచ్చింది. మా పెద్దబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. వాడిని ఎత్తుకోవాల్సిన వయసులో ఆమె ఒక్క గంట బస్సు దూరంలోనే ఉండి కూడా రాలేదు. ఆమె చూసేసరికి వాడి మీసాల్లో ఒక తెల్లవెంట్రుక వచ్చింది. పోయిన భూమిని రాసివ్వడానికి రిజిస్ట్రారు ఉన్నాడు, స్టాంపు కాగితాలు ఉన్నాయి, తప్పు పడితే దిద్దించుకోవడానికి అత్తలాంటి మనిషి ఉంది. పోయిన ఏళ్ళను మళ్ళీ మన పేర రాసిచ్చే ఆఫీసు మాత్రం, నేను చూసినంతలో, ఏ ఊళ్ళోనూ తెరవలేదు.